శనూత్ కొండ మీద పూతరేకు

మస్కట్‌లోని రూవిలో ఊళ్ళకు డబ్బు పంపే కౌంటర్ల వరస చివర ఒక టూరిస్టు ఆఫీసు ఉంది. దాని గుమ్మం పక్కన మనిషెత్తు బోర్డు నిలబెట్టారు. బోర్డు మీద కొండలు, కొండల ముందు ఒక పొయ్యి, పొయ్యి దగ్గర నల్ల ముసుగు వేసుకున్న ఆడమనిషి. ఆమె తడిగుడ్డను రెండు చేతులా పట్టుకుని పెనం మీద లాగుతోంది. కింద అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ రాసి ఉంది: 'వెయ్యేళ్ళ కొండ రొట్టె, శనూత్ తల్లి చేతులతో.'

వెయ్యేళ్ళట! ఆ చేతులకు నలభై ఆరేళ్ళు. చూసే కళ్ళుంటే కుడి ముంజేతి మీద మూడు పచ్చబొట్టు చుక్కలు కూడా కనపడతాయి. వాడపల్లి తీర్థంలో, పదేళ్ళప్పుడు, ఏడుస్తూ పొడిపించుకున్నవి అవి. ఆ చేతులు సత్యవేణివి. ఆమెది ఆత్రేయపురం పక్కన చిన్న లంక గ్రామం. ఒమాన్ కొండల్లో ఆమెకు తాతా లేడు, తల్లీ లేదు. మరి ఆ బోర్డు మీదికి ఎలా ఎక్కిందీ అంటే, అది చెప్పుకోవాల్సిన కథే.

సత్యవేణి వాళ్ళమ్మ పూతరేకులు తీసేది. తొమ్మిదో ఏట సత్యవేణి కూడా కుండ ముందు కూర్చుంది. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట, పక్కన పల్చటి బియ్యప్పిండి జారు, చేతిలో జానెడు గుడ్డ. గుడ్డ జారులో ముంచి కుండ మీద ఒక్క లాగు లాగితే, కళ్ళు మూసి తెరిచేలోగా రేకు లేస్తుంది. మంట ఎక్కువైతే మాడుతుంది, తక్కువైతే లేవదు. ఆ ఒడుపు పట్టుబడటానికి పిల్ల చేతుల్లో బొబ్బలు ఎన్నిసార్లు లేచాయో లెక్కలేదు. తరవాత పెళ్ళి, ఒక కూతురు, మొగుడు పోవడం, మస్కట్లో ఇంటిపని. ఒకే ఇంట్లో పదకొండేళ్ళు చేసింది. ఆ ఇంటి పిల్లలతో మాట్లాడీ మాట్లాడీ అరబ్బీ నోటికి పట్టేసింది.

ఆ ఇంటి యజమానురాలి బావగారు కొండల్లో టూరిజం కంపెనీ పెట్టాడు. సూర్ పట్నం నుంచి మట్టిరోడ్డున రెండున్నర గంటలు పైకి ఎక్కితే శనూత్ వస్తుంది. ఇరవై రాతి ఇళ్ళు, నాలుగు ఖర్జూరపు చెట్లు, ఒక నీటి కాలువ. ఊరివాళ్ళంతా ఎప్పుడో బడి కోసం, ఆస్పత్రి కోసం కిందికి దిగిపోయారు. బావగారు ఆ ఇళ్ళను వారసుల దగ్గర కౌలుకు తీసుకుని, దులిపి, అలికి, విదేశీ అతిథులకు గదులు చేయాలనుకున్నాడు. వంటకు నమ్మకమైన మనిషి కావాలన్నాడు. సత్యవేణి కాయితాలు కంపెనీ పేరు మీదికి మారాయి. ఆమెను ఎవరూ అడగలేదు. అడిగినా వద్దని ఉండేది కాదనుకోండి, కూతురు రాజమండ్రిలో నర్సింగు ఆఖరి సంవత్సరం.

ఊరు ఖాళీ అని అందరూ అన్నారు గాని, పూర్తిగా ఖాళీ కాదు. షంసా ఉంది. డెబ్బై దాటిన ముసలమ్మ. తాత కట్టిన ఇంట్లో, పదహారు మేకలతో, ఒంటరిగా ఉండేది. చలికాలం వస్తే నీళ్ళ గిన్నె మీద మంచు పలక కట్టే కొండ అది. "చలికి దిగితే ఎండకి ఎక్కాలి, ఈ ఎక్కడం దిగడం నా వల్ల కాదు" అని అక్కడే ఉండిపోయింది. ముక్కు మీద, నుదుటి మీద నిలిచే ఆ ప్రాంతపు నల్ల ముసుగు తీయగా సత్యవేణి ఒక్కసారీ చూడలేదు.

మొదటి వారం ముసలమ్మ సత్యవేణిని పురుగును చూసినట్టు చూసింది. రెండో వారం పొయ్యి దగ్గరికి పిలిచింది. ఇనప పెనం మీద తడి గోధుమ పిండిని అరచేత్తో చరిచి, చేత్తోనే పల్చగా పాముతూ, అంచు లేవగానే గీరి తీసే రొట్టె అక్కడిది. మామూలుగా నేర్చుకోవడానికి నెల పడుతుందట. సత్యవేణి సాయంత్రానికల్లా పది తీసింది. కాలే పెనాన్ని చూసి బెదరని చేయి కదా.

"నీ తల్లి ఏం చేసేదే?" అని అడిగింది షంసా.

"ఇలాగే, ఉమ్మీ. మంట ముందు కూర్చునేది" అంది సత్యవేణి తనకొచ్చిన అరబ్బీలో, అమ్మా అన్న పిలుపుతో.

ఆ రోజు నుంచి షంసా ఆమెను 'బింతీ' అని పిలిచింది. నా కూతురా అని.

ఇంతలో మేడమ్ దిగింది. సలహాదారు అన్నారు. ఉత్తర ధ్రువం అంచున, చలికాలమంతా పొద్దే పొడవని మంచు దేశంలో, మారుమూల ఊళ్ళకు పదిహేనేళ్ళ పాటు టూరిజం నేర్పి వచ్చిందట. అక్కడ అంత మంది వస్తే ఇక్కడ ఎందుకు రారు అని ఆమె ధీమా. వచ్చిన రోజే అందరినీ కూర్చోబెట్టి గోడ మీద ఫొటోలు వేసింది. మంచు, ఇంకా మంచు, కొమ్ముల జింకలు లాగే బండి, ఎర్ర అంచు అంగీ తొడుక్కుని నవ్వుతున్న ఒక అమ్మాయి. కంపెనీ మేనేజరు అఖీల్ ప్రతి ఫొటోకీ తల ఊపాడు. హైదరాబాదు మనిషి. అరబ్బీ, ఇంగ్లీషు, హిందీ, తెలుగు అన్నీ వచ్చు. పై వాళ్ళకు ఏది ఇష్టమో అది ఏ భాషలోనైనా చెప్పగలడు.

టీ కప్పులు అందిస్తూ సత్యవేణి ఆ అమ్మాయి ఫొటో దగ్గర ఆగింది. "ఆవిడ పేరేటండి?" అని అఖీల్‌ని అడిగింది. అతను నవ్వుతూ మేడమ్‌ను అడిగాడు. మేడమ్ కూడా నవ్వింది. పేరు గుర్తులేదట. అసలు ఆ పిల్లది ఆ ఊరే కాదట. ఇంకెక్కడి నుంచో చదువుకోవడానికి వస్తే ఒక సీజన్‌కు పెట్టుకున్నారట. అసలు ఊరివాళ్ళు కెమెరా ముందు బిగుసుకుపోతారు, విసుక్కుంటారు, సెలవులు అడుగుతారు. వాళ్ళ అంగీ కొని వేరేవాళ్ళకు తొడిగిస్తే గొడవ లేదు, వచ్చినవాళ్ళకు తేడా తెలియదు అంది. ఏదో గొప్ప కిటుకు చెప్పినట్టే చెప్పింది.

వాళ్ళ చలి వాళ్ళే భరించాలి, వాళ్ళ జింకల్ని వాళ్ళే కాసుకోవాలి, అంగీ మాత్రం కంపెనీ వాళ్ళకు కావాలి! విన్న సత్యవేణికి ఒళ్ళు మండింది. కానీ ధ్రువమెక్కడ, తనెక్కడ? కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

షంసాతో మేడమ్‌కు మొదటి రోజే చెడింది. ఫొటో తీయబోతే ముసలమ్మ చేతికర్ర ఎత్తింది. రొట్టె పది గంటలకు చేయమంటే, మేకలు వచ్చాక చేస్తానంది. రొట్టె కూడా మేడమ్‌కు నచ్చలేదు. అలాంటిది అన్ని ఊళ్ళలోనూ ఉందట. ఈ కొండకే సొంతమైనది ఏదన్నా ఉండాలని తలపట్టుకుంది.

సరిగ్గా అప్పుడే సత్యవేణి తన కొంప కాదు గాని, షంసా కొంప ముంచే పని చేసింది. పాత గోడలకు మట్టి మెత్తే మేస్త్రీ దేవయ్యది జగిత్యాల. అతనికి ఊళ్ళో మనవరాలు పుట్టిందని కబురొచ్చింది. తీపి ఏదన్నా చేసిపెట్టక్కా అన్నాడు. సత్యవేణికి చేయి ఊరుకోలేదు. నానబెట్టిన బియ్యం రుబ్బి జారు చేసి, షంసా పెనాన్ని బోర్లించి, పాత చీర పేలిక ముంచి లాగింది. మొదటి నాలుగు చిరిగాయి. అయిదోది లేచింది. నెయ్యి రాసి, బెల్లం లేదు కనక ఎండు ఖర్జూరం పొడి చల్లి మడిచింది. షంసా ఒకటి తిని, "కాగితం తినిపిస్తావా?" అని నవ్వి, ఇంకో రెండు అడిగింది.

వెనక మేడమ్ నిలబడి ఫోన్లో అంతా పట్టేసింది. ఆమె మొహం వెలిగిపోయింది.

"ఇది మా ఊరి పూతరేకండి మేడమ్. ఇక్కడిది కాదండి" అని సత్యవేణి తెలుగులోనూ, హిందీలోనూ, చేతులతోనూ చెప్పింది.

అఖీల్ మేడమ్‌తో ఏదో అని ఇటు తిరిగి, "అరే సత్యమ్మా, ఎవరికి తెలుస్తుంది చెప్పు? గమ్మున చెయ్యి. నీకే పేరొస్తది" అన్నాడు.

పేరొచ్చింది, ఎవరి పేరని! వారంలో కరపత్రం తయారైంది. లంక గ్రామపు పూతరేకు శనూత్ వారి వెయ్యేళ్ళ రొట్టె అయిపోయింది. నిజంగా వెయ్యేళ్ళుగా ఆ కొండ మీద తింటున్న రొట్టెకు మాత్రం అందులో చోటు లేదు. కాగితపు రొట్టె చేయడం షంసాకు రాదు కనక ఇక షంసాతో పని లేదు. అయితే షంసా పేరు కావాలి, ముసుగు కావాలి. సూర్ బజారులో అలాంటి ముసుగూ, కుట్టుపని చేసిన గౌనూ కొని తెచ్చారు. సత్యవేణికి తొడిగి, ఎవరేమడిగినా తల మాత్రం ఊపమన్నారు. ఒక ఊళ్ళో ఇద్దరు షంసాలు ఉంటే అతిథులు తికమకపడతారని, అసలు షంసాను మేనల్లుడితో చెప్పించి, మేకలతో సహా కింద మైదానంలో అతని ఇంటికి పంపేశారు. సీజన్ అయ్యేదాకా అన్నారు. ముసలమ్మ లారీ ఎక్కుతూ పొయ్యి వైపే చూసింది. సత్యవేణి ఆ చూపుకు అడ్డం రాలేక గోడ చాటుకు పోయింది. అమ్మ నేర్పిన పనితో ఒక తల్లిని ఇంట్లోంచి గెంటించాను కదా అని ఆ రోజంతా తనను తాను తిట్టుకుంది.

అయినా సీజన్ అయ్యాక వస్తుందిలే అనుకుంది. ఆ ఆశ కూడా దేవయ్య మాటతో పోయింది.

"అక్కా, ఆయితారం షంసవ్వ ఇంటి గోడ కొట్టమన్నరు. ఆడ లాట్రిన్, షవరు పెడ్తరంట. గామె మల్ల రాదట" అన్నాడు, తట్ట కింద పెడుతూ.

"అదేటి? సీజనయ్యాక తీసుకొత్తామన్నారుగా!"

"గదంత వట్టిదే. శుక్రారం వచ్చేటోళ్ళు బయటి దేశమోళ్ళు. వాళ్ళు ఏడాదికింత మందని టూరిస్టుల్ని తోల్తరు. కని ఊరోళ్ళు నోరిడిచి సరే అంటెనే తోల్తరంట. గందుకే నీకు ముసుగేసిండ్రు. నువ్వు తలకాయ ఊపితె షంసవ్వ ఇల్లు ఇచ్చినట్టే లెక్క. అఖీల్ సారు ఫోన్ల మాట్లాడుతుంటె నా చెవులార ఇన్న."

సత్యవేణికి అప్పటికి గుట్టు తెలిసింది. తనకు తెలియకుండా తన తలకాయతో ఒకరి ఇల్లు రాయించుకుంటున్నారు! వేలిముద్ర వేయించుకోవడం తెలుసు, కాయితాల మీద సంతకాలు పెట్టించుకోవడం తెలుసు, ఆమెకు ఆ రెండూ జరిగాయి. ముసుగేసి తల ఊపించుకోవడం మాత్రం ఇదే వినడం. తిన్నగా అఖీల్ దగ్గరకి వెళ్ళి అడిగింది.

అతను కాదనలేదు. "నీకెందుకమ్మా ఈ పంచాయితీ? ఆమెకు కింద మేనల్లుడి ఇల్లుంది, పక్కా ఇల్లు, ఏసీ ఉంది. నీ వీసా ఎవరి మీద ఉంది? కంపెనీ మీద. యాదుంచుకో" అన్నాడు.

యాదుంచుకుంది. రెండు రోజులు అన్నం సయించక అదే యాదుంచుకుంది. ఎదురు తిరిగితే ఇంటికి పంపేస్తారు. కూతురి చదువు ఇంకా నాలుగు నెలలుంది. ఊరుకుంటే ఆదివారం గోడ కూలుతుంది. చివరికి దేవయ్యనే పిలిచింది. "తమ్ముడూ, నీళ్ళ లారీ శుక్రవారం పొద్దున కింద నుంచే కదా వచ్చేది? డ్రైవరుకి సెప్పు. షంసమ్మకి గోడ సంగతి సెప్పి, వత్తానంటే ఎక్కించుకు రమ్మను. ఆవిడ ఇంటి సంగతి ఆవిడే సెప్పుకుంటాది. నేనెవత్తిని తలూపడానికి?"

శుక్రవారం పది గంటలకు అతిథులు వచ్చారు. అయిదుగురు. అందులో నోటు పుస్తకం పట్టుకున్న తెల్లగడ్డం పెద్దాయన అందరికన్నా ముఖ్యుడని అఖీల్ వంగే తీరే చెప్పింది. సత్యవేణి ముసుగులో చెమటలు కక్కుతూ రేకులు తీస్తోంది. మేడమ్ కొండల్నీ, వెయ్యేళ్ళనీ వర్ణిస్తోంది. నాలుగో రేకు దగ్గర నీళ్ళ లారీ మూలుగుతూ వచ్చి ఆగింది.

షంసా దిగింది. కర్ర పోటు వేసుకుంటూ సరాసరి పొయ్యి దగ్గరికి వచ్చి నిలబడింది. పొయ్యి ముందు మనిషికి అచ్చం తన లాంటి ముసుగు. ముంజేతి మీద పచ్చబొట్టు చుక్కలు. ఎవరో చూడగానే పోల్చుకుంది.

"బింతీ," అంది నెమ్మదిగా, "నా పొయ్యి మీద నా ముసుగు పెట్టుకుని ఏం చేస్తున్నావు?"

సత్యవేణికి సిగ్గుతో తల లేవలేదు. పక్కకు జరిగి చోటిచ్చింది. షంసా కూర్చుంది.

ఎవరీమె అని పెద్దాయన అడిగాడు. పక్క ఊరి మేకల మనిషి అన్నాడు అఖీల్, తడుముకోకుండా. మేడమ్ అతని చెవిలో ఏదో అంది. ఫొటోకు అడ్డం వస్తోంది, పంపించెయ్యమని కాబోలు. కానీ పెద్దాయన మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. చుట్టుపక్కల ఇంకో తల్లి కూడా ఉంటే మరీ మంచిది, అతిథులు వచ్చి ఇక్కడ ఉండటం ఆమెకు ఇష్టమేనా అడగమన్నాడు.

అఖీల్ అడిగాడు. షంసా అతని వైపు చూడకుండా ఆ పెద్దాయననే చూస్తూ చెప్పింది. "ఈ ఇల్లు మా తాత రాయి మీద రాయి పెట్టి కట్టాడు. అతిథి వస్తే కాఫీ పోస్తాను, ఖర్జూరం పెడతాను, మూడు రోజులు ఎందుకు వచ్చావని అడగను. అది మా ఆచారం. కానీ నా ఇల్లు ఇవ్వను. నా గోడ మీద చెయ్యి వేస్తే ఊరుకోను. నన్ను అబద్ధం చెప్పి దింపారు."

అఖీల్ చిరునవ్వుతో ఇంగ్లీషులో చెప్పాడు: అతిథులంటే తమకు ప్రాణమనీ, తమ ఇల్లు మీ ఇల్లే అనుకోమంటోందనీ.

పెద్దాయన పుస్తకంలో రాసుకోబోయాడు.

పదకొండేళ్ళు మస్కట్ ఇంట్లో 'ఎస్ మేడమ్, నో మేడమ్' అంటూ నేర్చిన ఇంగ్లీషు సత్యవేణిది. నోటికి ఎంత వస్తుందో ఆమెకు తెలియదు గాని, చెవికి అంతా అర్థమవుతుంది. ఆ ముక్క విని ఇక పట్టలేకపోయింది. ముసుగు తాడు తెంపి కింద పడేసింది.

"అబద్ధం సార్! షీ సే నో! హౌస్ నో గివ్! దిస్ షంసా. ఐ నాట్ షంసా. ఐ సత్యవేణి, ఇండియా." పెనం మీది రేకు తీసి చూపించింది. "దిస్ రొట్టె ఆల్సో మై మదర్, ఇండియా. నో థౌజండ్ ఇయర్. ఆల్ లై, సార్, ఆల్ లై!"

పెద్దాయన కలం ఆగింది. ఒకసారి ఈ మొహం, ఒకసారి ఆ ముసుగు, ఒకసారి కరపత్రం చూశాడు. తరవాత షంసా వైపు తిరిగి, తన తల అడ్డంగా ఊపి చూపించి, 'అంతేనా?' అన్నట్టు చూశాడు. షంసా "లా" అంది, కాదూ కూడదని. మూడుసార్లు అంది. దానికి తర్జుమా అక్కర్లేకపోయింది.

వాళ్ళు భోజనం చేయకుండానే కార్లెక్కారు. మేడమ్ మొహం పాలిపోయింది. మంచు దేశంలో పదిహేనేళ్ళలో ఇలాంటి రభస ఎప్పుడూ జరగలేదని ఆమె అంటే, అఖీల్ ఆ మాట పళ్ళు కొరుకుతూ సత్యవేణికి చేరవేశాడు.

"జరగదండి మరి. ఆళ్ళనెవరన్నా అడిగితే కదా!" అంది సత్యవేణి.

"నడువ్. బ్యాగు సర్దు. ఇప్పుడే కిందికి పంపుతా" అని అరిచాడతను.

షంసా కర్ర ఎత్తింది. సత్యవేణి మణికట్టు పట్టుకుని తన గుమ్మం లోపలికి లాగి, గడప మీద తను అడ్డంగా కూర్చుంది. "ఇది నా అతిథి. మూడు రోజులు. రా, ఎవడొస్తాడో చూస్తాను" అంది. అరబ్బీ బాగా వచ్చిన అఖీల్‌కు ఆ మాట కూడా బాగానే అర్థమైంది. అతిథిని గడప దాటించి లాక్కెళ్ళడం అంటే ఆ ప్రాంతంలో ఏమవుతుందో అంతకన్నా బాగా తెలుసు. అటు తిరిగి వెళ్ళిపోయాడు.

మూడు రోజులూ షంసా రొట్టె చేసి పెట్టింది, సత్యవేణి తింది. పెద్దాయన అతిథుల్ని పంపనన్నాడని గోడ పని ఆగింది; ఆదివారం దేవయ్య సమ్మెట తీసుకుని రాలేదు, ఊరికే టీ తాగడానికి వచ్చాడు. గోడ ఈనాటికీ ఉంది, షంసా కూడా ఉంది. సత్యవేణి కాయితాలు మాత్రం కంపెనీ రద్దు చేయబోయింది. పాత యజమానురాలికి సంగతి తెలిసి, బావగారిని చెడామడా తిట్టి, ఆమెను మళ్ళీ తన ఇంటి పేరు మీదికి మార్పించుకుంది. అలా మళ్ళీ మస్కట్, మళ్ళీ అంట్లు, శుక్రవారం సెలవు.

అలాంటి ఒక శుక్రవారం, కూతురికి ఉద్యోగం వచ్చిందని ఫోన్లో విన్న రోజున, సత్యవేణి రూవి వీధిలో ఆ బోర్డు ముందు ఆగిపోయింది. అప్పుడు తీసిన ఫొటో. ఊరు శనూత్ వాళ్ళది, ముసుగు షంసాది, పూతరేకు అమ్మది, చేతులు తనవి. కంపెనీవాళ్ళు ఇంకా అమ్ముకుంటూనే ఉన్నారు. రెండు అడుగులు ముందుకు వేసింది, వెనక్కి వచ్చింది. తిన్నగా లోపలికి వెళ్ళి కౌంటరు మీది లావు నల్ల పెన్ను తీసుకుని బయటికొచ్చింది.

కౌంటరులో కూర్చున్న అల్ఫియా అనే అమ్మాయి బోర్డు పాడవుతుందని హిందీలో అరుస్తూ వెంట పరుగెత్తుకొచ్చింది. "అరే ఆంటీ, యే క్యా కర్ రహే ఆప్? బోర్డ్ ఖరాబ్ హో జాయేగా!"

సత్యవేణి ఆమె మాట వినిపించుకోకుండా, ఆ చేతుల కింద, పచ్చబొట్టు పక్కనే, పెద్ద అక్షరాలతో తెలుగులో రాసింది: 'ఇది పూతరేకు. తీసింది సత్యవేణి, ఆత్రేయపురం పక్కన. ఊరు షంసాది, అడగకుండా వెళ్ళకండి.' ఆ వీధిన శుక్రవారం నడిచేవాళ్ళలో చాలామందికి తెలుగు చదవడం వచ్చు. అప్పటికే ఇద్దరు ఆగి చదువుతున్నారు.

"క్యా లిఖా?" అంది అల్ఫియా, భయం భయంగా.

"పేరు రాశానమ్మా," అంది సత్యవేణి పెన్ను ఆమె చేతిలో పెడుతూ. "ఈళ్ళు ఎవరినీ అడగరు. మనమే సెప్పుకోవాలి."